కడిగిన లొట్లు

నా చేతులు చూడుర్రి. దూరంకెళ్లి కాదు, దగ్గరికొచ్చి చూడుర్రి. సున్నానికి తోలు లేస్తున్నది, ఉడుకునీళ్లకు గోర్లు తెల్లగైనయి. ఈ చేతుల్ని పట్టుకొని మురికి చేతులన్నడు ఒకాయన. పదిమంది ముంగట అన్నడు. గాయన సంగతే చెప్త, జర కూసోర్రి. చెప్పకుంటే నాకు తిన్నది అరగది.

నా పేరు బస్వమ్మ. ఝరాసంగం అవతల మా ఊరు. మా అత్తగారిది గీతపని ఇల్లు. మా మామ సిద్దప్ప యాభై ఏండ్లు తాళ్లెక్కిండు. ఇప్పుడు మోకాళ్లు వట్టుకపోయి కిందనే ఉంటడు. మా ఆయన చందర్ ఎక్కుతడు. నడుముకు కత్తులుండే ముస్తాదు కట్టుకొని, మోకు తాడు చెట్టు చుట్టు తిప్పి, నలభై అడుగులు ఎగవాకి గెల కొస కోస్తడు, లొట్టి కడ్తడు, గదే మట్టికుండ. కారిన రసం పొద్దుగాల దించుకొస్తడు. గా రసం పులిస్తే కల్లు. మా తాతల సంది గదే మా బువ్వ.

మొన్న మాఘంల కంపెనీ దిగింది. చిరాగ్‌పల్లి కాడ హైవే పక్కపొంటి పెద్ద పెద్ద డ్రమ్ములు లేపిన్రు చూసిన్రా, గదే. తాటిరసం తోని మోటర్ల నూనె తీస్తరట, పెట్రోల్ల కలుపుతరట. మంచిదే అనుకున్నం. కల్లు దుకాణం కాడ పొద్దుందాక కూసునే తిప్పలు తప్పుతది, రసం దించంగనే ఎత్తుకపోతరు. మా సంఘం పెద్ద సంగయ్య ఊరోళ్లందర్ని కూడేసి సంతకాలు పెట్టిచ్చిండు. తొమ్మిది మంది గీసేటోళ్లు, చెట్ల మీద తొంభై లొట్లు, మార్చి కట్టెతందుకు కింద ఇంకో తొంభై. ఊరి బయట రేకుల షెడ్డు వేసి దానికి కలెక్షన్ సెంటర్ అని పేరు పెట్టిన్రు.

కంపెనీ తరఫున మహిధర్ సారు వచ్చిండు. హైదరాబాదాయన. నీట్‌గ ఇస్త్రీ అంగి, జేబుల రెండు పెన్నులు. రసం తియ్యగనే రావాలె, పులిసిందంటే దండుగ, అన్నడు.

నాకు నోరు ఊకుంటదా? "ఎట్లాగూ మీరు గూడ పులియబెట్టేదే గద సారూ, మాకాడ పులిస్తే ఏం పాయె?" అని అడిగిన.

"మేము మా ఈస్టుతో పులియబెడతామమ్మా. దారిలో దానంతటది పులిస్తే చక్కెరంతా సిర్క, అంటే వెనిగర్, అయిపోతుంది. ఆ సిర్కతో బండి నడవదు" అన్నడు. సరే, గది అర్థమైంది. నేను మొండిదాన్ని గని తెలివిలేనిదాన్ని కాదు.

ఇగ రూల్సు మొదలైనయి. లొట్టి రోజు ఉడుకునీళ్లల్ల కడగాలె. లోపల సున్నం పుయ్యాలె, పులవకుంట. కత్తి మరిగే నీళ్లల్ల ముంచాలె. రసం తెల్లగుడ్డల వడగట్టాలె. నెత్తికి టోపి. చేతులకు గ్లౌజులు, నీలిరంగు రబ్బరువి. ఇవన్ని వినుకుంట సంగయ్య తల ఊపిండు. నేను గూడ ఊపిన. లొట్లు కడిగే పని నాకిచ్చిన్రు. పెద్ద కాగు, కట్టెలు, సున్నం తొట్టి, కొబ్బరి పీసు. కడుగుడంటే నాకేం కష్టం? పుట్టినకాడికెళ్లి కడుగుడే గద మా పని.

గ్లౌజులు ఎప్పుడు తొడగాలె అని మా ఆయన అడిగిండు. ఆయన మాట్లాడుడే తక్కువ, గది గూడ మెల్లగ అడిగిండు.

"చెట్టు మొదట్లోనే వేసుకోవాలి. ఎక్కేటప్పుడు కూడా చేతులకు ఉండాలి" అన్నడు సారు.

"రబ్బరు జారుతది సారు. మోకు పట్టు దొరకది."

"అలవాటైపోతుంది. మా పై సార్లకు ఫోటోలు పంపాలి, వాటిల్లో గ్లౌజులు కనబడాలి."

"మరి బెల్టులు?" అన్నడు సంగయ్య. సంతకాలప్పుడు చెప్పిన్రు, మనిషికో బెల్టు, జారినా చెట్టుకు కట్టేసినట్టు ఆగుతడని.

"వచ్చే విడతలో" అన్నడు సారు.

చూడుర్రి. లొట్టికి మూత వచ్చింది, క్యానుకు తాళం వచ్చింది, రసం సల్లగుండనీకె ఐసు డబ్బా వచ్చింది, నా నెత్తికి టోపి వచ్చింది. మనిషికి బెల్టు మాత్రం వచ్చే విడతల! గప్పుడే లొల్లి చేయాల్సి ఉండె. చేయలే. మొగోళ్లు ఊకున్నరని నేనూ ఊకున్న. గా ఊకున్నందుకు నన్ను నేను ఇప్పటికి తిట్టుకుంటున్న.

రెండు నెలలు మంచిగనే నడిచింది. పొద్దుగాల తొమ్మిది మంది దిగుతరు, రసం క్యాన్లల్ల పోస్తరు. అందరికంటె పెద్దమనిషని మా మామది మొదటి క్యాను. ఆయన గుడ్డ పట్టి వడగట్టి పోసినంకనే మిగిలినోళ్లు పోస్తరు, గది ఎప్పటిసందో ఉన్న మర్యాద. మా ఊరి పిల్ల ప్రవీణ, డిగ్రీ చదివింది, షెడ్డుల టెస్టు చేస్తది. పులుపు చూసే రంగుపట్టీ ఒక్కో క్యానుల ముంచి, బాగుంటే సరే అని రాస్తది. ఆ తర్వాత క్యాన్లన్ని వరసగ బండి మీది స్టీలు ట్యాంకుల గుమ్మరిస్తరు, బండి చిరాగ్‌పల్లి తొవ్వ పడుతది.

ఒక బేస్తారం నాడు. రాత్రి వాన జల్లు పడ్డది, చెట్టంత తడితడి. నేను కాగు కింద మంట పెడుతున్న. మా మామ చెట్టు కింద నిలవడి పైకి చూస్తున్నడు. ఒక్కసారే "ఓరి చందరూ!" అని మామ మొత్తుకున్నడు. లేచి చూసిన. మా ఆయన చేతులకెళ్లి మోకు జారింది. ఛాతి చెట్టుకు రాసుకుంట సర్రున కిందికొస్తున్నడు. ఇద్దరు మనుషుల ఎత్తు జారిండు. ఎట్ల పట్టిండో ఏమో, ఒక చెయ్యి తోని చెట్టును కావిలించుకొని ఆగిండు. పండ్ల తోని గ్లౌజు పీకి ఉమ్మేసిండు. గా నీలి గ్లౌజు ఊగుకుంట ఊగుకుంట వచ్చి నా కాగు పక్కన పడ్డది. లొట్టి పడి పగిలింది.

కిందికి దిగినంక చూస్తే ఛాతి మీద తోలు లేదు. జహీరాబాద్ దవాఖానకు తీసుకపోయి మందు పెట్టిచ్చినం. వచ్చెటాళ్లకు ప్రవీణ రిజిస్టరు ముంగటేసుకొని ఏడుస్తున్నది.

"ఏమైందే?" అన్న.

"సారుకు ఫోన్ చేసిన అత్తా. లొట్టి ఒకటి నష్టం అని రాయమన్నడు. చందర్ మామ సంగతి యాడ రాయాలె అని అడిగిన. అసుంటి గడి లేదు గద, అన్నడు."

నిజంగనే లేదు. నేను చూసిన. లొట్టి పగిలితే ఒక గడి, మూత పోతే ఒక గడి, గ్లౌజు చినిగితే ఒక గడి. మనిషి పడితే రాసేతందుకు జాగ లేదు. నా ఒళ్లు భగ్గుమన్నది. గా రిజిస్టరును కాగు కింద పెట్టాలనిపిచ్చింది. పిల్ల నౌకరి పోతదని ఆగిన.

మూడు దినాలు మా చెట్లు మిగిలినోళ్లే ఎక్కి దించిన్రు. అటెన్క మా ఆయన మల్ల ఎక్కిండు. అవే గ్లౌజులు. నేను కిందికెళ్లి చూడలేకపోతి. లొట్టి కడుగుకుంట చెవులు చెట్టుకే పెట్టేది. ఆకు కదిలినా చేతిల లొట్టి పక్కకు పెట్టేది.

మా ఆయన జారిన మర్నాటి సంది ఇంకో పంచాతి మొదలైంది. చిరాగ్‌పల్లి పోయేసరికి ట్యాంకు రసమంత పులుస్తున్నది. మాకాడ ప్రవీణ పట్టీ పెడితే బరాబరుంటది. ఆడికి పోయి మూత తీస్తే నురుగు. ఒకనాడు గాదు, రెండ్రోజులు గాదు, వారం పొడుగూత. ట్యాంకంత మోరీల వదిలేసిన్రట.

ఎనిమిదోనాడు మహిధర్ సారు వచ్చిండు. వచ్చి సక్కగ నాకాడికే వచ్చిండు.

"లొట్లు కడిగేది నువ్వేనా? చేతులు చాపు."

చాపిన. దూది పుల్ల తోని నా అరచేతులు, గోర్ల సందులు తుడిచి సీసల పెట్టి మూత పెట్టిండు. అందరు చూస్తున్నరు. "ఈ చేతులతో కడిగితే పులవక ఏమవుతుంది? మురికి చేతులు" అన్నడు.

అవ్వా! నా మొకం మీద ఉమ్మినట్టైంది. రోజు తొంభై లొట్లు! పొద్దు పొడవక ముందు లేచి, పొగల కండ్లు పోగొట్టుకొని, ఉడుకునీళ్లల్ల చేతులు పెట్టి కడుగుతి. ఆయన ఇంట్ల బిడ్డ పాల సీసనన్న అంత శుభ్రంగ కడుగుతరా?

సారు ఆడ్నే ఆగలే. "ఇక నుంచి ఎక్కేవాళ్లకు రెండు జతల గ్లౌజులు, ఒకదాని మీద ఒకటి. మళ్లీ పులిస్తే సెంటర్ మూసేస్తాం" అన్నడు.

రెండు జతలు! ఒక జత తోనే మా ఆయన చావు దాక పోయొచ్చిండు. రెండు జతలు తొడిగి ఎక్కుమంటున్నడు. నా పేరు ఎటు పోతే పోనీ, నాకు ముండమోపి బతుకు రాసిపెడుతున్నడనుకున్న. నేను అడ్డం పోయి నిలవడ్డ.

"సారూ, నాకు మూడ్రోజులు ఇయ్యి. రసం యాడ పులుస్తున్నదో నేను చూపిస్త. చేతుల మురికి తోని గాదు అని తేలితే, చెట్టు మీద గ్లౌజులు బంద్ పెట్టాలె. ఒప్పుకుంటవా?"

ఆయన నవ్విండు. "నువ్వు చూపిస్తావా? సరే చూపించు. తేలితే తీసేద్దాం" అన్నడు. సంగయ్య విన్నడు, ప్రవీణ విన్నది, తొమ్మిది మంది విన్నరు.

నా అనుమానమంత గా ట్యాంకు మీదనే. దాన్ని ఎవడు కడుగుతున్నడు? ఎండల పెట్టి డ్రైవరు యాడ చాయ తాగుతున్నడో ఎవలకెరుక? మాకాడ పట్టీ బరాబరుంటే తప్పు దారిల్నే ఉన్నట్టు గద. ప్రవీణను పిలిచి చెప్పిన. "బిడ్డా, ట్యాంకుల పొయ్యక ముందే ఒక్కో క్యానుల నుంచి ఒక్కో గాజు సీస నింపు. నంబర్లెయ్యి. షెడ్డుల్నే పెట్టు. మధ్యాహ్నం దాక ఇవి తియ్యగనే ఉంటయి చూడు. గప్పుడు ట్యాంకు సంగతి బయటపడతది."

తొమ్మిది సీసలు వరసగ పెట్టినం. ఒకటో సీస మాదే, మా ఇంటి చెట్లది. నేను నడుముకు కొంగు చుట్టి గా సీసల ముంగటనే కూసున్న. సారు వస్తే ఏమనాలెనో మనసుల మాటలు కూర్చుకుంటున్న. ఎండ ముదిరింది. పదకొండు గొట్టేసరికి ఒకటో సీస మూత టప్పున లేచింది. నురుగు బుసబుస పొంగి బల్ల మీద కారింది. మిగిలిన ఎనిమిది సీసలు కదలలే మెదలలే. నీళ్ల లెక్క నిమ్మలంగున్నయి.

"అత్తా... మీదే" అన్నది ప్రవీణ మెల్లగ.

నిజం చెప్త, దాసుడెందుకు. గా సీస ఎత్తి మోరీల పోసి, కడిగి బోర్లించాలని చెయ్యి లేచింది. ఎవలు చూసిన్రు? నేనూ, ఈ పిల్ల. ప్రవీణ నా దిక్కే చూస్తున్నది. చెయ్యి దించుకున్న. మా లొట్లు నేను అన్నిటికంటె ముందు కడుగుత, కొత్త నీళ్లల్ల కడుగుత. నా చేతుల్ల నిజంగనే ఏమన్నున్నదా అని చేతులు వాసన చూసుకున్న. సున్నం వాసన తప్ప ఏం లేదు. మరి తొంభై లొట్లల్ల మా పదే ఎట్ల పులుస్తయి?

మర్నాడు లొట్లు కడుగుడు తొందరగ ముగిచ్చిన. షెడ్డెనుక రేకు సందు నుంచి మా మొదటి క్యాను మీద నజరు పెట్టిన. మా ఆయన లొట్లు దించి పోయిండు. మామ వచ్చి కూసున్నడు, క్యాను మూతికి గుడ్డ కట్టిండు, రసం వడగట్టిండు. నాకిచ్చిన అసుంటి టోపే ఆయన నెత్తికి గూడ ఉన్నది, చూస్తే నవ్వొస్తది. అన్ని బరాబరే చేసిండు. చివరికి ఇటు అటు చూసి, ధోతి మడతలకెళ్లి చిన్న సీస తీసిండు. అరచేతుల ఒంపుకొని "ఎల్లమ్మ తల్లీ" అనుకుంట మూడుసార్లు క్యానుల పోసిండు. కల్లు! నిన్నటి పులిసిన కల్లు!

అప్పుడు నాకు అన్నీ కలిసొచ్చినయి. మా ఇండ్లల్ల సాక పోసుడంటే కల్లు నేల మీద వంచి ఎల్లమ్మకు ఇచ్చుడు. మా మామోళ్ల ఇంట్ల ఇంకొకటుండె. దుకాణానికి పోయే మొదటి కుండల నిన్నటి కల్లు దోసెడు పోస్తరు. అమ్మ ముందు ముట్టాలె, అటెన్క మంది తాగాలె అని. కల్లు రోజుల్ల గది మంచికే ఉండె, కల్లు గడియల పొంగేది. కంపెనీ వచ్చినంక సంగయ్య చెప్పి బంద్ చేయించిండు. బంద్ అయిందనే అనుకున్నం.

పోయి ముంగట నిలవడ్డ. "మామా! ఏం జేస్తున్నవ్?"

సీస దాసుకోబోయిండు. కల్లు ధోతి మీద ఒలికింది.

"నీ కోడలి చేతులు మురికి చేతులని పదిమందిల అన్నరు మామా! నువ్వు గా పదిమందిల నిలవడి విన్నవ్! ఒక్క మాట చెప్పకపోతివి!" గట్టిగనే అరిచిన. పెద్దమనిషని గూడ చూడలే.

"నాకు తెల్వదు బిడ్డా" అన్నడు. "దోసెడు కల్లు తోని గంత ట్యాంకు పులుస్తదా? కల్లును పొంగిచ్చేది అమ్మనే అనుకున్న బతుకంత." మల్ల అన్నడు. "వాడు జారిననాడు నేను కిందనే ఉంటి. ఏం చేయగల్గుతి? చేతులు చాపి నిలవడ్డ, పసిపోరన్ని అందుకునేటట్టు. రెండు నెలల సంది అమ్మకు చుక్క లేదు, లొట్ల నిండ సున్నం పెట్టినం, గందుకే కోపమొచ్చిందనుకున్న. ఇంటెనుక చేతికందే పొట్టి ఈతచెట్టుకు ఒక్క లొట్టి కట్టుకొని, గంత కల్లు దాసుకొని తెస్తున్న. వాళ్లు బెల్టు ఇయ్యరాయె. నాకాడ ఇంకేమున్నది బిడ్డా, వాన్ని కాపాడేతందుకు?"

నా కోపం యాడికో పోయింది. పోయింది గాదు, జాగ మారింది. ముసలాయన టోపి తీసి చేతుల్ల నలుపుతున్నడు. రబ్బరు గ్లౌజు తోని కొడుకు జారె, కొడుకు జారిండని తండ్రి కల్లు పోసె, కల్లు తోని రసం పులిసె, రసం పులిసిందని రెండు జతల గ్లౌజులు వచ్చె. మొదలు యాడున్నది మరి? శుభ్రం శుభ్రం అని మనిషి పట్టు గుంజుకున్నకాడ ఉన్నది.

మూడోనాడు సారు వచ్చిండు. జీబు దిగంగనే అన్నడు, "రేపు మా పెద్దవాళ్లు ఫోటోలకు వస్తున్నారు. అంతా నీట్‌గా ఉండాలి. ఏమ్మా, దొరికిందా నీ దొంగ?"

"దొరికింది" అన్న. "మా ఇంట్లనే దొరికింది."

సీసల ముచ్చట చెప్పిన, సాక ముచ్చట చెప్పిన. సంగయ్య నోరు తెరిచిండు. మామ తల వంచుకొని నిలవడ్డడు. నేనేం దాయలే. మా తప్పు మాదే అన్న. ఇగ పొయ్యడు, నాది జిమ్మేదారి అన్న.

సారు మొకం వెలిగింది. "చూశారా? తప్పు మీదే అని నేను మొదటి నుంచీ చెబుతున్నా. మూఢనమ్మకాలు!" అని ప్రవీణ దిక్కు తిరిగిండు. "రాసుకో. సిద్దప్ప ఈ షెడ్డులోకి రాకూడదు."

"రాసుకోర్రి సారు. మరి గ్లౌజులు?" అన్న.

"గ్లౌజులేంటి?"

"మాటిచ్చిన్రు గద. చేతుల మురికి కాదని తేలితే చెట్టు మీద బంద్ అని. తేలింది."

"తప్పు మీదని తేలిందమ్మా. ఇందులో నువ్వు గెలిచిందేముంది? రేపు ఫోటోలున్నాయి. రెండు జతలు వేసుకునే ఎక్కాలి."

ఇగ నా నోరు ఆగలే. "ఏం మనిషివయ్యా నువ్వు? గెల కొసకెళ్లి రసం లొట్టిల పడతది. లొట్టిల సున్నమున్నది. నడుమల చెయ్యి యాడ తగులుతది? కింద పోసేటప్పుడు తొడుగుమను, రెండు గాదు నాలుగు జతలు తొడుగుతం. చెట్టు మీద ఎవలికోసం? ఫోటో కోసం! నీ రసం సల్లగుండాలని ఐసు డబ్బ తెస్తివి. నా మొగడు జారితే నీకు లొట్టి నష్టం కనవడ్డది! గా ముసలాయనను మూఢుడంటవా? కొడుకును కాపాడుకునేతందుకు ఆయన దోసెడు కల్లు పోసిండు. కాపాడే బెల్టు నీ కాయితంల ఉన్నది, రెండు నెలల సంది బయటికి రాలే. మా మామది మూఢనమ్మకమైతే, నీ బెల్టు వస్తదని నమ్మిన మాది ఏం నమ్మకమయ్యా?"

మా ఆయన ముందుకొచ్చిండు. జేబులకెళ్లి నీలి గ్లౌజులు తీసి ప్రవీణ బల్ల మీద పెట్టిండు. ఎన్కనే ఇంకొకాయన పెట్టిండు. సంగయ్య దిక్కు చూసిన. ఆయన సంతకాలు పెట్టిచ్చినోడు, ఆయనకు అందరికంటె కష్టం. గోడకు తగిలేసిన తన గ్లౌజులు ఆయనే తెచ్చి అండ్ల వేసిండు.

"రేపు పెద్దవాళ్లొస్తున్నారు! సెంటర్ మూతపడుతుంది!" అని సారు మొత్తుకున్నడు.

"సెంటర్‌కేం గాదు సారు" అన్న నేను. "నీ షెడ్డు నీట్‌గనే ఉంటది. గది నా పని, నేను చేస్త."

చేసిన. మర్నాడు ఎప్పటి లెక్కనే లేచి కాగు పెట్టిన. తొంభై లొట్లు ఉడుకునీళ్లల్ల కడిగిన, సున్నం పూసిన, బండల మీద వరసగ బోర్లించిన. షెడ్డు ఊడ్చిన. గ్లౌజులన్ని సబ్బు పెట్టి ఉతికి తీగె మీద ఆరేసిన. తొమ్మిది మంది చెట్ల కింద కూసున్నరు, మోకులు పక్కకు పెట్టుకొని. మామకు షెడ్డుల రావద్దని రాసిన్రు గద, ఆయన గూడ చెట్టు కిందనే ఉన్నడు.

రెండు కార్లు వచ్చినయి. ఒక పెద్దాయన, ఒక మేడం. మహిధర్ సారు చెమటలు తుడుసుకుంట ఎన్కెన్క నడుస్తున్నడు. మేడం లొట్లు చూసి ఆగింది. ఫోటో తీసింది. వంగి ఇంకోటి తీసింది. "ఎంత శుభ్రంగా ఉన్నాయో! ఎవరమ్మా కడిగింది?" అన్నది.

"నేనే మేడం. గివే మురికి చేతులు" అన్న, చాపి చూపిచ్చిన. ఆమెకు అర్థం గాలే. సారుకు అయింది.

"మరి రసం ఏది?" అన్నడు పెద్దాయన.

"చెట్టు మీదున్నది సారు. గెల కాడ కట్టిన లొట్లల్ల నిండి ఉన్నది, నిన్న తెల్లారి, మీ సారు రాకముందు కట్టినయి. దించేటోళ్లకు మీ బెల్టు రాలే. గ్లౌజులైతే మస్తున్నయి. అగో, ఉతికి ఆరేసిన. మీ మహిధర్ సారు అలవాటైతదన్నడు. ఒక్కపారి తొడుక్కోని ఎక్కమనుర్రి, ఫోటో మంచిగొస్తది."

మామ లేచిండు. మోకాళ్లు పట్టుకొని మెల్లగ వచ్చి, తన మోకు మహిధర్ సారు ముంగట చాపిండు. యాభై ఏండ్ల మోకు, చెయ్యి పట్టి పట్టి నల్లగైంది. ఎక్కిరిచ్చెతందుకు గాదు. ఎక్కేటోనికి ఇచ్చినట్టే, మర్యాదగ రెండు చేతుల తోని ఇచ్చిండు. "నడుముకు బిర్రుగ కట్టుకో బిడ్డా. తడి ఉన్నకాడ ఆగి ఎక్కు" అన్నడు.

మేడం పైకి చూసింది. పెద్దాయన పైకి చూసిండు. మహిధర్ సారు మోకు పట్టుకోలే. గా చెట్టు ఎంత ఎత్తున్నదో ఆయన రెండు నెలల్ల గప్పుడే చూసినట్టుండె. మేడం ఫోన్ దించింది. "బెల్టులు ఇవ్వలేదా?" అని ఆమె అడిగితే ఆయన జేబులకెళ్లి పెన్ను తీసి మల్ల జేబుల్నే పెట్టుకున్నడు.

తొమ్మిది బెల్టులు పంపుతమని చెప్పి పోయిన్రు. ఇయ్యాల్టికి పదకొండు దినాలు. కార్లు రాలే, బెల్టులు రాలే. మామ ఈతచెట్టు కల్లు తెచ్చి తాళ్ల మొదట్ల నేల మీద సాక పోస్తున్నడు, యాడ పొయ్యాలెనో గాడ. మా ఆయన కింద కూసోని మోకు పేనుకుంటున్నడు. ఎవలు ఎక్కుత లేరు, పానంతోని ఉన్నరు. నేను రోజు తెల్లారంగ లేచి తొంభై లొట్లు కడుగుతున్న, సున్నం పూసి బోర్లిస్తున్న. ఎవలన్న వచ్చి పట్టీ పెట్టి చూసుకోర్రి.